కూలెంట్ కారే చోటు వదిలి వాటర్ పంప్ మార్చారు: దెబ్బతిన్న ఇంజిన్ ఖర్చు ఎవరు భరించాలి?

ప్రశ్న: 2022 మార్చిలో రూ.12,40,000 పెట్టి టర్బో పెట్రోల్ కారు కొన్నాను. ఐదో ఏడు పూర్తయ్యేవరకు పొడిగించిన వారంటీకి విడిగా డబ్బు కట్టాను. కారు 61 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) తరచూ తగ్గిపోతోందని ఆరు నెలల క్రితం హైదరాబాద్‌లోని కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, వాటర్ పంప్ పోయిందని చెప్పి మార్చి రూ.19,400 తీసుకున్నారు. మూడు వారాలకే మళ్లీ తగ్గింది. ఫోన్ చేస్తే, లోపల గాలి బుడగలు ఉండి ఉంటాయి, కూలెంట్ పోసుకుని నడపండి అన్నారు. కిందటి నెల ఆలేరు దాటాక ఎర్రలైటు వెలగడంతో బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. టో చేయించి అక్కడికే చేర్చాను. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు) పోయింది, సిలిండర్ హెడ్ (ఇంజిన్ పైభాగం) వంగింది, రూ.1,72,000 అవుతుందని ఎస్టిమేట్ ఇచ్చారు. నాతో వచ్చిన మెకానిక్ మాత్రం ఇంజిన్ వెనకవైపున్న కూలెంట్ ఫ్లాంజ్ పగిలి ఉందని చూపించాడు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు వారంటీ లేదని సర్వీస్ సెంటర్ అంటోంది. కొత్త కారు అడగవచ్చా? బయట బాగు చేయించుకుంటే కేసు దెబ్బతింటుందా? — ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు అడిగినవాటికి సమాధానం చెప్పేముందు, అడగని ఒక విషయం చెప్పాలి. ఆ ఫ్లాంజ్‌ను ఇప్పుడే విప్పనివ్వకండి. రూ.1,72,000 ఎస్టిమేట్‌పై సంతకం చేయకండి. పగిలిన ఆ ప్లాస్టిక్ ముక్క ఇంజిన్‌పై ఉన్నచోటే ఉండగా ఒక స్వతంత్ర నిపుణుడు పరీక్షించి నివేదిక రాస్తే మీ కేసు నిలబడుతుంది. దాన్ని విప్పి చెత్తబుట్టలో వేశాక ఎంత గొప్ప న్యాయవాదిని పెట్టుకున్నా, మీ మెకానిక్ మాటకూ వాళ్ల మెకానిక్ మాటకూ మధ్య వినియోగదారుల కమిషన్ ఏదో ఒకటి నమ్మాల్సి వస్తుంది.

ఈ వివాదం మొత్తం ఆ భాగం చుట్టూ తిరుగుతుంది కనుక దాని గురించి కొంత వివరంగా చెబుతాను. కూలెంట్ ఫ్లాంజ్ అంటే సిలిండర్ హెడ్‌కు బోల్టులతో బిగించే చిన్న ప్లాస్టిక్ హౌసింగ్. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ దీని గుండానే రేడియేటర్ గొట్టంలోకి, హీటర్ గొట్టంలోకి చేరుతుంది. చాలా ఇంజిన్లలో ఉష్ణోగ్రత సెన్సర్ కూడా దీనిలోనే కూర్చుంటుంది. టర్బో ఇంజిన్‌లో బోనెట్ కింద వేడి ఎక్కువ కాబట్టి, ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉన్న ప్లాస్టిక్ పెళుసుబారి సన్నని పగులు ఇస్తుంది, లేదా దాని వెనకనున్న రబ్బరు ఓ-రింగ్ గట్టిపడి పట్టు వదులుతుంది. కారిన కూలెంట్ ఇంజిన్ వెనకగా గేర్‌బాక్స్ మీదికి జారి ఆ వేడికి ఆరిపోతుంది కాబట్టి నేల మీద మడుగు కట్టకపోవచ్చు. ఎండిన గులాబీ రంగు పొరో, తెల్లని పొరో మాత్రం మిగులుతుంది. పైనుంచి చూసేవారికి ఇది వాటర్ పంప్ లీకులాగానో, హెడ్ గ్యాస్కెట్ లీకులాగానో కనిపించే అవకాశం నిజంగానే ఉంది. ప్రతివాదులు రేపు ఇదే సమర్థనగా చెబుతారు.

అయితే, పొరపాటు పడే అవకాశం ఉందని తెలిసిన చోటే జాగ్రత్త బాధ్యత పెరుగుతుంది. చల్లారిన ఇంజిన్‌పై కూలెంట్ ట్యాంకుకు ప్రెషర్ టెస్టర్ బిగించి, మూతపై రాసిన పీడనం వరకు, అంటే సాధారణంగా 1 నుంచి 1.5 బార్ దాకా గాలి కొట్టి, కాసేపు ఆగి, టార్చి వెలుగులోనో చిన్న అద్దంతోనో వెతికితే లీకు ఎక్కడుందో బయటపడుతుంది. అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు కలిపి వెతికే పద్ధతీ ఉంది. ఇవేవీ చేయకుండా వాటర్ పంప్ మార్చారా, చేసి కూడా ఫ్లాంజ్‌ను చూడలేదా అన్నది మొదటి జాబ్ కార్డు (చేసిన పని వివరాలు సర్వీస్ సెంటర్ రాసే పత్రం) చెప్పాలి. ఆ కార్డులో పీడన పరీక్ష ప్రస్తావన లేకపోతే అది మీకు చాలా బలమైన ఆధారం. పాత పంపును మీకు చూపించారా, అందులో లీకు ఆనవాలు ఉందా అన్నది కూడా గుర్తు చేసుకుని రాసిపెట్టుకోండి.

ఇక చట్టం సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వస్తువులోని లోపాన్నీ, సేవలోని లోపాన్నీ వేరుగా నిర్వచించింది. మొదటిది సెక్షన్ 2(10)లోనూ రెండోది సెక్షన్ 2(11)లోనూ ఉన్నాయి. కార్ల విషయంలో నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది తయారీ లోపమనే వాదనే ముందు పెట్టి, కొత్త కారో మొత్తం డబ్బో కావాలంటారు. మీకు ఆ దారి నేను సూచించను. 61 వేల కిలోమీటర్లు సజావుగా తిరిగిన కారులో ఒక ప్లాస్టిక్ భాగం పగిలితే, అది పుట్టుకతో వచ్చిన లోపమని రుజువు చేసే భారం మీపై పడుతుంది. రుజువైనా మొత్తం కారు మార్చమనే ఉత్తర్వు రావడం అరుదు. 2006లో ఒక మారుతి కారు క్లచ్ వివాదంలో సుప్రీంకోర్టు, లోపం ఒక భాగానికి పరిమితమైనప్పుడు ఆ భాగాన్ని మార్చమనడం సబబుగా ఉంటుంది గానీ కారునే మార్చమనడం సరికాదని తేల్చింది. కాబట్టి కొత్త కారు ఆశ వదులుకోండి.

మీ బలమంతా సేవాలోపంలో ఉంది. ఇంజిన్‌కు ముప్పు తెచ్చే లీకును వెతకమని డబ్బిచ్చారు. వాళ్లు వేరే భాగం మార్చి, లీకు అలాగే ఉంచి, బాగైందని కారు అప్పగించారు. మళ్లీ ఫిర్యాదు చేసినప్పుడు కారును వెనక్కి పిలిపించకుండా, కూలెంట్ పోసుకుని నడపమన్నారు. ఈ రెండో తప్పు మొదటిదానికంటే పెద్దదని నా అభిప్రాయం. పంపు మార్చాక గాలి బుడగలు మిగలడం జరిగే పనే. కానీ మూడు వారాల తర్వాత కూడా మట్టం తగ్గుతుంటే అది గాలి కాదు, లీకు అని ఆ వృత్తిలో ఉన్నవారికి తెలిసి తీరాలి. అందువల్ల ఆ ఫోన్ సంభాషణకు ఆధారం వెతకండి. కాల్ రికార్డు లేకపోయినా ఫోన్ బిల్లులో ఆ తేదీ, ఆ నంబరు, ఎన్ని నిమిషాలు మాట్లాడారో ఉంటాయి. వాట్సాప్ సందేశాలుంటే చెరపకండి. ఎలక్ట్రానిక్ ఆధారాలతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయడం మంచిది.

వారంటీ ప్లాస్టిక్‌కు వర్తించదన్న మాటను అలాగే ఒప్పుకోకండి. పొడిగించిన వారంటీ పుస్తకం పూర్తిగా తెచ్చి చదవండి. చాలా పత్రాల్లో మినహాయింపు గొట్టాలు, బెల్టులు, వైపర్లు, బ్రేక్ ప్యాడ్లు వంటి అరిగే వస్తువుల గురించి ఉంటుంది. శీతలీకరణ వ్యవస్థలోని హౌసింగ్ ఆ జాబితాలో ఉందా లేదా అన్నది పదం పదం చూడాలి. పత్రంలోని పదాలకు రెండు అర్థాలు వస్తే, ఆ పత్రం రాసినవారికి వ్యతిరేకమైన అర్థాన్నే తీసుకోవాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు బీమా కేసుల్లో పలుమార్లు వర్తింపజేసింది. ఇక్కడా దాన్నే వాదించవచ్చు. ఒకవేళ ఫ్లాంజ్‌కు నిజంగానే వారంటీ లేదని తేలినా, మీ కేసు కూలిపోదు. ఫ్లాంజ్ ధర ఇంజిన్ మరమ్మతుతో పోలిస్తే చాలా చిన్నది. మీరు అడుగుతున్నది తప్పు నిర్ధారణ వల్ల ఇంజిన్‌కు జరిగిన నష్టం, దానికి వారంటీతో పనిలేదు.

నివేదిక ఎవరితో రాయించాలి? మీకు పగులు చూపించిన మెకానిక్ నిజాయితీపరుడే కావచ్చు, కానీ మీ మనిషి అని ప్రతివాదులు కొట్టిపారేస్తారు. లైసెన్సు ఉన్న మోటారు బీమా సర్వేయర్‌తోగానీ, ఇంజినీరింగ్ కళాశాలలో ఆటోమొబైల్ విభాగపు అధ్యాపకునితోగానీ పరీక్ష చేయించండి. పరీక్ష తేదీని, సమయాన్ని సర్వీస్ సెంటర్‌కు ముందే ఈమెయిల్‌లో తెలిపి వాళ్లనూ హాజరుకమ్మనండి. వాళ్లు రాకపోతే ఆ ఈమెయిలే మీకు సాక్ష్యం. హెడ్ వంగిందన్న మాట ఇంజిన్ విప్పకుండానే చెప్పారా అన్నది కూడా అడిగి తేల్చుకోండి. విప్పి, స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ అనే కొలత సాధనాలు పెట్టి కొలిస్తేనే హెడ్ ఎంత వంగిందో తెలుస్తుంది. గ్యాస్కెట్ పోయిందో లేదో కూలెంట్‌లో దహన వాయువులు కలిశాయా అని రసాయన పరీక్షతో ముందే చూడవచ్చు. కారు కంప్యూటర్‌లో నమోదైన ఉష్ణోగ్రత హెచ్చరికల ముద్రిత ప్రతి కూడా చెరిపేయకముందే తీసుకోండి. ఆ పత్రం మీకు రక్షణ, ఎందుకంటే ఎర్రలైటు వెలిగాక ఎంతదూరం నడిపారన్నదే ప్రతివాదులు మొదట వేసే ప్రశ్న. వెంటనే ఆపానని రాశారు. అది ఒక కిలోమీటరా, ఐదు కిలోమీటర్లా అన్నది ఉన్నదున్నట్టు ఫిర్యాదులో రాయండి. మధ్యలో మీరు కూలెంట్ బదులు మామూలు నీళ్లు పోసి ఉంటే అదీ దాచకండి. నష్టం తగ్గించుకునే బాధ్యత మీపైనా ఉంది, ఆ మేరకు పరిహారం తగ్గవచ్చు. దాచి దొరికిపోతే మాత్రం మొత్తం పోతుంది.

కమిషన్ కూడా సెక్షన్ 38 కింద వస్తువు నమూనాను సీలు వేసి ప్రయోగశాలకు పంపవచ్చు. ఆ రుసుము ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు. అందుకే పరీక్ష అయ్యాక ఫ్లాంజ్ విప్పినప్పుడు ఓ-రింగ్‌తో సహా సంచిలో వేసి, సర్వేయర్ సంతకంతో సీలు చేయించి భద్రపరచండి. మీ డబ్బుతో మార్చిన పాత భాగం మీది. ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

ఇవన్నీ పూర్తయ్యాక బయట బాగు చేయించుకోవచ్చు. మూడు నాలుగు నెలలు కారు అక్కడే నిలిపి ఉంచాల్సిన అవసరం లేదు. బయట చేయిస్తే వారంటీ మొత్తం రద్దవుతుందని బెదిరిస్తే, 2014 ఆగస్టు 25న మార్కెట్లో పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వును నోటీసులో ప్రస్తావించండి. స్వతంత్ర మెకానిక్ దగ్గరకు వెళ్లినంత మాత్రాన వారంటీ అంతా రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదనీ, బయటి పని సరిగా చేయకపోవడం వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చనీ అందులో ఉంది. బాగుచేసేవారు కొత్త ఓ-రింగ్ వేశారా, కంపెనీ చెప్పిన రకం కూలెంట్ పోశారా, వ్యవస్థలోంచి గాలి తీశారా, మళ్లీ పీడన పరీక్ష చేశారా అన్నవి బిల్లులో విడివిడిగా రాయించండి. వీటిలో ఏది లోపించినా, తర్వాత వచ్చే ప్రతి సమస్యకూ బయటి మెకానిక్కే కారణమని వాదిస్తారు.

పార్కింగ్ రుసుము కట్టేదాకా కారు వదలమంటే, భారతీయ కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 170 చదివి వినిపించండి. శ్రమతో, నైపుణ్యంతో చేసిన పనికి రావాల్సిన డబ్బు కోసం వస్తువును ఆపుకునే హక్కు ఆ సెక్షన్ ఇస్తుంది. చేయని పనికి కాదు. తప్పనిసరై కట్టాల్సి వస్తే, అభ్యంతరంతో కడుతున్నానని రాసి రసీదు తీసుకోండి.

కేసు ఎవరిమీద వేయాలి? సర్వీస్ సెంటర్ నడిపే సంస్థ మొదటి ప్రతివాది. పొడిగించిన వారంటీ ఎవరి పేరుతో ఇచ్చారో వాళ్లు రెండోవారు. తయారీ కంపెనీని చేర్చవచ్చు గానీ, డీలరు చేసిన ప్రతి తప్పుకూ తయారీదారు దానంతటదే బాధ్యుడు కాదని టాటా మోటార్స్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కంపెనీకి మీరు ముందే ఈమెయిల్ పంపి, వాళ్లకు విషయం తెలిసేలా చేయాలి. చట్టంలోని ఆరో అధ్యాయపు ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల కలిగే హానికి బాధ్యత) కింద అడగమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ అధ్యాయంలోని హాని అనే మాటలోకి ఆ వస్తువుకే జరిగిన నష్టం రాదని సెక్షన్ 2(22) స్పష్టంగా మినహాయించింది.

ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. చట్టప్రకారం అది తప్పనిసరి కాకపోయినా, జవాబులో వాళ్లు తీసుకునే వైఖరి తర్వాత మార్చుకోవడం కష్టం. పని జరిగింది హైదరాబాద్‌లోనే అయినా, ఫిర్యాదుదారు నివసించే చోట కూడా దాఖలు చేయవచ్చని సెక్షన్ 34 చెబుతోంది కాబట్టి, వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. రుసుము మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాకుండా వస్తువుకో సేవకో మీరు చెల్లించిన డబ్బును బట్టి ఉంటుంది. మరమ్మతు బిల్లు, వారంటీ ధర కలిపినా ఐదు లక్షలు దాటవు కనుక రుసుమే ఉండదు. కారు ధర వాపసు కోరితే పది నుంచి ఇరవై లక్షల శ్రేణిలో రూ.400 కట్టాలి. నోటీసు అందాక ప్రతివాదులకు జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు మాత్రమే ఉంటాయి. ఆ పైన గడువు ఇచ్చే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ప్రయోగశాల పరీక్ష అవసరమైన కేసును ఐదు నెలల్లో ముగించాలని చట్టం చెబుతుంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది.

పంపు మార్చినందుకు తీసుకున్న రూ.19,400 వాపసు, ఇంజిన్ మరమ్మతుకు నిజంగా అయిన ఖర్చు, టోయింగ్ బిల్లు, ఈ కాలంలో ట్యాక్సీలకు పెట్టిన డబ్బు, సర్వేయర్ రుసుము, మానసిక వేదనకు సహేతుకమైన మొత్తం అడగండి. పది లక్షలు కోరి అంకె పెంచితే, మిగతా లెక్కలపైనా సందేహం కలుగుతుంది. సెక్షన్ 69 ప్రకారం కాలపరిమితి రెండేళ్లు. దాన్ని ఇంజిన్ పాడైన రోజు నుంచి కాకుండా పంపు మార్చిన రోజు నుంచే లెక్కపెట్టుకుని, ఆ లోపే ఫిర్యాదు దాఖలు చేయండి.