వెన్ను మందం చూసి కత్తిని మెచ్చుకోకండి

యువమిత్రులకు,

మడత పడని కత్తుల మీద మీరు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వాక్యం మీద మీకు పట్టు ఉంది. అయితే “5 మిల్లీమీటర్ల మందం, డీ2 ఉక్కు కాబట్టి ఏ పనికైనా తిరుగులేని కత్తి” అని మీరు రాసిన చోట ఆగిపోయాను. మందమూ ఉక్కూ సరిగానే చెప్పారు గానీ, వాటిని బట్టి ఆ నిర్ణయానికి రాలేం.

ముందు మందం సంగతి చూడండి. అలుగు, అంటే పిడి బయట ఉండే ఉక్కు భాగం, వంగకుండా నిలిచే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వెడల్పు మారకుండా 3 మిల్లీమీటర్ల పట్టీని 6 చేస్తే బరువు రెట్టింపయినా బిగువు 8 రెట్లవుతుంది. ఉక్కు రకం మార్చినందువల్ల ఈ బిగువు దాదాపుగా మారదు; చవక కార్బన్ ఉక్కుకైనా లోహపు పొడిని అదిమి చేసే ఖరీదైన పౌడర్ ఉక్కుకైనా స్థితిస్థాపక గుణకం (వంపుకు లోహం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత) సుమారు 200 గిగాపాస్కల్సే, గట్టిపరిచినా అంతే. కాబట్టి “ఈ ఉక్కు అసలు వంగదు” అని ఎప్పుడూ రాయకండి. వంగిన అలుగు మళ్లీ నిటారుగా లేస్తుందా, వంకరగా మిగిలిపోతుందా, విరుగుతుందా అన్న దగ్గరే ఉక్కుకూ, దాన్ని కాల్చి చల్లార్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్‌కూ పని పడుతుంది. అక్కడ కూడా, ఒకే కోణానికి వంచితే మందపు అలుగుకే ముందుగా వంకర మిగులుతుంది. పొదలు నరికే మచ్చెట్‌లు చాలావరకు 2, 3 మిల్లీమీటర్ల మందంతోనే ఎందుకు ఉంటాయో మందాన్ని పొగిడే వ్యాసాల్లో ఎవరూ చెప్పరు.

ఇక తెగడం గురించి. దళసరి అట్టను నిలువునా కోసి చూడండి. అంచు సులువుగానే దిగుతుంది, ఆ తర్వాత అలుగు చెంపలు రెండు వైపులా బిగుసుకుని కత్తి నిలిచిపోతుంది. పదును తగ్గి అలా జరగదు, ఆకారం వల్ల జరుగుతుంది. వెన్ను (పదును లేని వైపు) దగ్గర 4 మిల్లీమీటర్లుండి, అక్కడి నుంచి అంచు దాకా చదునుగా సానపట్టిన అలుగు 20 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటే చెంపల మధ్య కోణం 11 డిగ్రీలు దాటుతుంది. 35 ఉంటే ఆరున్నర డిగ్రీలే. అందువల్ల వెడల్పు చెప్పకుండా మందం చెబితే పాఠకుడికి ఏమీ తెలియదు. పదును వాలు మొదలయ్యే గీతకు సరిగ్గా పైన క్యాలిపర్ పెట్టి కొలవండి. అక్కడ 0.3 మిల్లీమీటర్లున్న కత్తికీ 0.8 ఉన్నదానికీ ఉండే తేడా వెన్ను దగ్గర ఒక మిల్లీమీటరు పెరిగినా తగ్గినా రాదు.

ఉక్కు ఎంపిక ఈ కొలతతో ముడిపడి ఉంది. డీ2లో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటాయి. పెద్ద పెద్ద క్రోమియం కార్బైడ్ల (క్రోమియం, కార్బన్ కలిసిన గట్టి రేణువుల) వల్ల అది అరుగుదలను బాగా ఆపుతుంది గానీ, అవే కార్బైడ్ల దగ్గర పలుచని అంచు చిట్లుతుంది. క్రోమియంలో చాలా భాగం వాటిలోనే చిక్కుకుపోవడం వల్ల తుప్పు బెడద కూడా పూర్తిగా పోదు. చిట్లుతుందన్న భయంతో తయారీదారు అంచును మందంగా వదిలితే పదును చాలాకాలం నిలుస్తుంది, కానీ ఆ నిలిచేది మొదటి నుంచీ సరిగా తెగని పదునే. సన్నని కార్బైడ్లున్న ఏఈబీ-ఎల్, 14సీ28ఎన్ వంటి ఉక్కులు అంత త్వరగా చిట్లవు గనుక అంచును పలుచగా దించవచ్చు. అరుగుదలలో అవి కొంత వెనకబడినా, కోతపనికి నేను వాటినే ఎంచుకుంటాను. బలమైన దెబ్బలు తినే కత్తికి సీపీఎమ్ 3వీ ఉక్కు మేలు, తుప్పు విషయంలో కాస్త జాగ్రత్త పడగలిగితే.

మందం కూడా ఉక్కును ఎంచుతుంది. సుమారు 0.95 శాతం కార్బన్ ఉండే 1095 ఉక్కును కాల్చిన తర్వాత తొలి క్షణంలోనే వేగంగా చల్లార్చాలి. 6 మిల్లీమీటర్ల వెన్ను లోపలి భాగం అంత త్వరగా చల్లారదు కాబట్టి అంచు గట్టిపడినా లోపల మెత్తగా మిగలవచ్చు. అది దోషమే కానక్కరలేదు, కొందరు కోరి అలా చేయిస్తారు. అంత మందంలోనూ ఏ2 ఉక్కు గాలికే లోపలి దాకా గట్టిపడుతుంది.

సవరించిన ప్రతిలో వెన్ను మందం పక్కనే అలుగు వెడల్పు, అంచు పైన మందం, రాక్‌వెల్ కాఠిన్యం (ఉక్కు ఎంత గట్టిదో చెప్పే అంకె) కూడా ఇవ్వండి. 56 దగ్గర ఆపిన 1095, 61 దగ్గర ఆపిన 1095 రెండూ ఒకే కత్తిలా పనిచేయవు. తయారీదారు కాఠిన్యం చెప్పకపోతే, చెప్పలేదనే రాయండి.

మీ శ్రేయోభిలాషి