ఫుట్‌బాల్ క్లబ్బులు తమ మేటి ఆటగాళ్ళను ఎందుకు అమ్ముకుంటాయి? ఉంచుకోవచ్చు కదా?

ఉంచుకోవాలంటే ముందు అతను ఉండాలి కదండీ! ఒప్పందంలో ఒక్క ఏడాదే మిగిలిందంటే పగ్గాలు ఆటగాడి చేతికి వెళ్ళిపోయినట్టే. ఈ వేసవిలో అమ్మకపోతే వచ్చే వేసవిలో క్లబ్బుకు చిల్లిగవ్వ రాకుండా వెళ్ళిపోతాడు. అందుకే అమ్మడం తప్పని నేను అనను. ఎవరికి అమ్మారన్నదే నా పేచీ.

నేను ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆడే లండన్ క్లబ్బు ఆర్సెనల్ అభిమానిని. 2006లో కొత్త స్టేడియంలోకి మారాక ఆ అప్పు పేరు చెప్పి మావాళ్ళు మంచి ఆటగాళ్ళను వదులుకుంటూ వచ్చారు. 2011లో ఫాబ్రెగాస్, నస్రి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది వాన్ పెర్సీ వంతు. మా కెప్టెన్, లీగ్‌లో ఆ సీజన్‌లో 30 గోల్స్ కొట్టినవాడు, ఒప్పందం పొడిగించనని బహిరంగంగానే ప్రకటించాడు. 29 ఏళ్ళవాడికి 2.4 కోట్ల పౌండ్లంటే ఖాతా పుస్తకంలో మంచి బేరమే. కానీ కొన్నది అదే లీగ్‌లో మా ప్రత్యర్థి మాంచెస్టర్ యునైటెడ్!

2013 ఏప్రిల్ 28, ఆదివారం. అమీర్‌పేట హాస్టల్లో అందరికీ కలిపి ఒకటే టీవీ. ఐపీఎల్ రోజులు, పైగా సన్‌రైజర్స్‌కు మొదటి సీజన్. 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ రహీం గారి ఊరిది. ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ చూడడానికి రిమోట్ కోసం బతిమాలాల్సి వచ్చింది!

అంతకు వారం ముందే వాన్ పెర్సీ హ్యాట్రిక్‌తో యునైటెడ్‌కు లీగ్ ఖాయమైపోయింది. ఛాంపియన్లు మైదానంలోకి వస్తుంటే ఎదుటి జట్టు రెండు వరుసలుగా నిలబడి చప్పట్లు కొట్టడం అక్కడి మర్యాద. అలా మా మైదానంలోనే మావాళ్ళు మా పాత కెప్టెన్‌కు చప్పట్లు కొట్టారు. స్టాండ్లలో జనం మాత్రం అతన్ని గేలి చేశారు. నా పక్కన కూర్చున్న కుర్రాడికి ఫుట్‌బాల్ తెలియదు. "అమ్మేసిందీ మీరే, చప్పట్లు కొడుతున్నదీ మీరేనా అన్నా?" అన్నాడు. రెండో నిమిషంలో వాల్కాట్ గోల్ కొట్టేసరికి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. విరామానికి ముందు వాళ్ళకు పెనాల్టీ దొరికింది. కొట్టింది ఇంకెవరు? 1-1.

సీజన్ చివరికి వాళ్ళకు 89 పాయింట్లు, మాకు 73. అతని గోల్స్ 26. ఆ ట్రోఫీని మేమే మూటగట్టి పంపామని ఇప్పటికీ నా వాదన. కాడెద్దును పక్క పొలం వాడికే అమ్మి, వాడికి పంట పండిందని ఏడిస్తే ఎలా?

లివర్‌పూల్‌ను చూడండి. అదీ మా లీగ్ క్లబ్బే. 2013లో వాళ్ళ ఫార్వర్డ్ సువారెజ్ కోసం మావాళ్ళు 4 కోట్ల పౌండ్ల మీద ఇంకొక్క పౌండు ఇస్తామన్నారు (ఆ ఒక్క పౌండు గురించి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది). ససేమిరా అన్నారు. ఏడాది ఆడించుకుని స్పెయిన్‌లోని బార్సిలోనాకు అమ్మారు. 2018 జనవరిలో కుటీన్యోనూ అక్కడికే పంపారు. అదే నెలలో డిఫెండర్ వాన్ డైక్‌ను, ఆ వేసవిలో గోల్‌కీపర్ అలిసన్‌ను తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో, కుటీన్యో ఆడుతుండగానే, బార్సిలోనాను 4-0తో చిత్తు చేసి, కప్పూ ఎత్తుకెళ్ళారు.

ఆర్సెనల్ అభిమాని నోట లండన్‌లోనే ఉన్న మా బద్ధ ప్రత్యర్థి టాటెన్‌హామ్‌ మీద మంచి మాట రావడం కష్టమే. కానీ 2021లో మాంచెస్టర్ సిటీ ఎంత వెంటపడినా వాళ్ళు తమ మేటి గోల్ వీరుడు హ్యారీ కేన్‌ను ఇవ్వలేదు. 2023లో అతనికి ఒప్పందం ఒక్క ఏడాదే మిగిలినప్పుడు జర్మనీలోని బయర్న్ మ్యూనిక్‌కు అమ్మారు. ఆ ఒక్క విషయంలో మాకంటే వాళ్ళకే తెలివి ఎక్కువ.