ప్రొప్రనొలాల్ వాడేవారికి పన్ను తీసే ముందు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చా?

ప్రశ్న: బీపీకి ప్రొప్రనొలాల్ 40 మి.గ్రా. రోజుకు రెండుపూటలా వేసుకుంటున్నాను. దవడ పన్ను తీయించుకోవాలి. మత్తు ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ ఉంటుందని, ఈ మాత్రకు అది పడదని విన్నాను. రెండు రోజుల ముందు మాత్ర మానేస్తే సరిపోతుందా?

జవాబు: మానకండి. ప్రొప్రనొలాల్ ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం, బీపీ ఎగబాకుతాయి. గుండె రక్తనాళాల్లో పూడిక ఉన్నవారికైతే గుండెపోటు కూడా రావచ్చు. ఇంజెక్షన్ కంటే ఆ ముప్పే పెద్దది.

మీరు విన్నదాంట్లో నిజం లేకపోలేదు. అడ్రినలిన్ ఆల్ఫా రిసెప్టర్ల (కణాల మీద మందు అంటుకునే చోట్లు) ద్వారా రక్తనాళాలను బిగిస్తుంది, బీటా-2 రిసెప్టర్ల ద్వారా కండరాల్లోని నాళాలను వదులు చేస్తుంది. మామూలుగా ఈ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి కాబట్టి పంటికిచ్చే కొద్దిపాటి మందుతో బీపీ పెద్దగా మారదు. ప్రొప్రనొలాల్ గుండెలోని బీటా-1తో పాటు బీటా-2నూ అడ్డుకుంటుంది. ఇక మిగిలేది బిగింపే. బీపీ పెరుగుతుంది, దాన్ని పసిగట్టిన మెదడు, వేగస్ అనే నరం ద్వారా గుండెను నెమ్మదింపజేస్తుంది. భయంతో బీపీ పెరిగితే నాడి కూడా వేగంగా కొట్టుకుంటుంది. బీపీ పెరిగి నాడి మందగించిందంటే ముందు ఈ మందుల పొత్తునే అనుమానించాలి.

అంతా మోతాదులోనే ఉంది. 1:1,00,000 పాళ్ల మందులో మి.లీ.కు 10 మైక్రోగ్రాముల అడ్రినలిన్ ఉంటుంది. 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్ (సిరంజిలో అమర్చే మందు గొట్టం) రెండింటికి 36 అవుతుంది. ఇలాంటివారికి సాధారణంగా పెట్టుకునే హద్దు 40. అదే 1:80,000 మందైతే రెండు కార్ట్రిడ్జ్‌లకే 45, హద్దు దాటినట్టే. ముందుగా బీపీ, నాడి చూడాలి. సూది రక్తనాళంలో పడలేదని పిస్టన్ వెనక్కి లాగి నిర్ధారించుకుని, ఒక కార్ట్రిడ్జ్ లోపే నిదానంగా ఇచ్చి, అయిదు నిమిషాలాగి మళ్లీ చూడాలి. మార్పు లేకపోతేనే మిగతాది. అడ్రినలిన్ లేని 3 శాతం మెపివకైన్ అనే మత్తుమందు కూడా ఉంది. క్యాప్ కొలతలకు చిగురు పక్కన పెట్టే అడ్రినలిన్ దారం మాత్రం వద్దనండి, అందులో మందు చాలా ఎక్కువ.

డాక్టరుకు ‘బీపీ మాత్ర’ అని చెబితే చాలదు, పేరు చెప్పాలి. అటెనొలాల్, మెటొప్రొలాల్ ప్రధానంగా బీటా-1 మీదే పనిచేస్తాయి, వాటితో ఈ చిక్కు తక్కువ. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్‌లతో ఈ బెడద లేదు. గ్లాకోమాకు వేసుకునే టిమొలాల్ కంటి చుక్కలు మాత్రం ప్రొప్రనొలాల్ కోవవే. చాలామంది వాటిని మందుగా లెక్కేయరు, చెప్పడం మరవకండి.

ప్రశ్న: మరి ఈ మాత్ర వాడేవారికి ప్రాణాంతక అలర్జీ వస్తే అడ్రినలిన్ ఇవ్వకూడదా?

జవాబు: తప్పకుండా ఇవ్వాలి, ఆలస్యం చేయకూడదు. పెద్దలకు 0.5 మి.గ్రా., అంటే 1:1000 మందు అర మి.లీ., తొడ బయటివైపు కండరంలో ఇస్తారు. అయిదు నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇస్తారు. బీటా రిసెప్టర్లు మూసుకుని ఉండటం వల్ల కొందరిలో అది సరిగా పట్టదు. అప్పుడు ఆస్పత్రిలో గ్లూకగాన్ అనే మందు 1 నుంచి 5 మి.గ్రా. నరంలోకి అయిదు నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. బీటా రిసెప్టర్లతో పని లేకుండానే అది గుండెను ఉత్తేజపరుస్తుంది. వాంతులవుతాయి కాబట్టి రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.