‘మంచి కాలేజీ ఏది?’ అంటే ఎవరు చెప్పగలరు?

ప్రశ్న: సార్, మాది పలమనేరు. ఇంటర్ ఎంపీసీ ఇక్కడే చదివాను. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చింది. ‘తిరుపతిలో మంచి ఇంజనీరింగ్ కాలేజీ ఏది?’ అని ఆన్‌లైన్‌లో అడిగితే ముప్పై మంది తలా ఒక పేరు చెప్పారు. ఇద్దరు ఏజెంట్లు ఇంటికి ఫోన్ కూడా చేశారు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు దాకా పోయి ‘నొప్పిగా ఉంది’ అని ఊరుకుంటే ఏ ఎముకకు కడతారు? నీ ప్రశ్న అట్లాగే ఉంది. ర్యాంకు లేదు, కేటగిరీ లేదు, బ్రాంచి లేదు. అందుకే ఎవరికి తెలిసిన పేరు వాళ్లు చెప్పారు. (నాకు రాసినదాంట్లోనూ ర్యాంకు ఎంతో చెప్పలేదు నువ్వు!)

అమ్మాయివని చెప్పడం కూడా అవసరమే. పోయినేడు ఏ కాలేజీలో ఎంత ర్యాంకు వరకు సీటు వచ్చిందో చూపే పట్టికలో అబ్బాయిలకు, అమ్మాయిలకు గళ్లు వేరుగా ఉంటాయి. పైగా పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో నీకు అవకాశం ఉంది, మగపిల్లలకు లేదు. పలమనేరులో చదివావు కాబట్టి ఎస్వీయూ (శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం) ప్రాంతానికి లోకల్. కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లవే. అదీ రాయి.

ఇట్లా అడిగి చూడు: ‘ఈఏపీసెట్‌లో 38,000 ర్యాంకు. బీసీ-డీ, అమ్మాయిని, ఎస్వీయూ లోకల్. ఈసీఈ చదవాలని ఉంది. హాస్టల్ తప్పదు, ఫీజూ హాస్టలూ కలిపి ఏడాదికి లక్ష దాటితే నాన్నకు కష్టం. పోయినేటి ర్యాంకులు చూసి ఈ మూడు కాలేజీలు అనుకున్నాను. వీటిలో ఈసీఈ చదువుతున్నవాళ్లు చెప్పండి: ల్యాబులు నిజంగా జరుగుతున్నాయా? పోయినేడు మీ బ్రాంచిలో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, జీతమెంత?’ అంకెలు నేను వేసినవి, నీవి పెట్టుకో. ఆ మూడు పేర్లు మాత్రం నువ్వే వెతకాలి.

‘ఈసీఈ మేలా, సీఎస్ఈ మేలా’ అన్నది ఇందులో కలపొద్దు. కలిపితే కాలేజీ సంగతి పక్కకుపోయి బ్రాంచీల మీద తగువు మొదలవుతుంది.

ఈసారి ముప్పై జవాబులు రావు, మూడో నాలుగో వస్తాయి. చెప్పినవాళ్లను ‘అక్కడే చదువుతున్నారా, ఏ సంవత్సరం?’ అని ఒక్క మాట తిరిగి అడుగు. ఏజెంటయితే అక్కడితో మాయమవుతాడు.

అన్నట్టు, వాళ్లకు మీ ఇంటి నంబరు ఎట్లా దొరికింది? ర్యాంకు కార్డు ఫొటోగానీ ఫోన్ నంబరుగానీ పెట్టి ఉంటే ఇప్పుడే తీసెయ్. కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్ మొదలయ్యేదే హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీతో; అవి ఇంకొకరి చేతికి పోకూడదు.