ముల్లు ఎత్తినా ఆగని చిటపట

ప్రశ్న: మా నాన్నగారి రికార్డ్ ప్లేయర్‌కి ఈమధ్యే స్టైలస్ (ముల్లు) మార్పించాను. అయినా ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెడితే కుడి స్పీకర్లో శబ్దం సన్నగా వస్తోంది, పైగా పోపు వేగినట్టు చిటపట. ముల్లు పైకెత్తినా చిటపట ఆగదు. అదే ఆంప్లిఫయర్లో రేడియో పెడితే రెండు స్పీకర్లూ బాగానే పలుకుతాయి. ప్లేయర్ పాడైపోయింది, కొత్తది కొనమంటున్నారు. మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, కళింగపట్నం

జవాబు: కొనకండమ్మా. సగం పరీక్ష మీరే చేసేశారు. ముల్లు ఎత్తినా చిటపట ఉందంటే తప్పు రికార్డుదీ కాదు, స్టైలస్‌దీ కాదు. రేడియో బాగుందంటే స్పీకర్లూ, వాటిని నడిపే భాగమూ బాగున్నట్టే. నా అనుమానమంతా ఫోనో స్టేజ్ మీద, అంటే ఆంప్లిఫయర్లో రికార్డు సిగ్నల్‌ని ముందుగా పెంచే భాగం మీద.

ముల్లు కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది కార్ట్రిడ్జ్. మామూలు మూవింగ్ మాగ్నెట్ రకం ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే. ఫోనో స్టేజ్ దాన్ని దాదాపు 100 రెట్లు పెంచుతుంది. రికార్డు తయారుచేసేటప్పుడు తగ్గించిన బేస్‌ని మళ్ళీ పెంచి, పెంచిన ట్రెబుల్‌ని తగ్గించేదీ అదే. అంత పెంచే చోట కాస్త చిలుము పట్టినా స్పీకర్లో గోలగోలగా వినిపిస్తుంది. రేడియో సిగ్నల్ ఈ దారిన రాదు కాబట్టే మీకు తేడా తెలిసింది.

ఇప్పుడొక పని చెయ్యండి. ఆంప్లిఫయర్ ఆపి, వెనక ఫోనో సాకెట్లలో ఎడమ, కుడి పిన్నులు అటూ ఇటూ మార్చి, వాల్యూమ్ తగ్గించి ఆన్ చెయ్యండి. గోల ఎడమకి మారితే తప్పు కార్ట్రిడ్జ్ వైపు తీగల్లో ఉంది. హెడ్‌షెల్‌లో, అంటే కార్ట్రిడ్జ్ బిగించి ఉండే చోట, తెలుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నాలుగు సన్నటి తీగల క్లిప్పులు చూడండి. కుడిలోనే ఉండిపోతే ఫోనో స్టేజే.

మీది సముద్రం ఒడ్డు. ఉప్పుగాలికి సాకెట్లూ, రేడియోనా రికార్డా అని ఎంచే సెలెక్టర్ స్విచ్చూ నల్లబడతాయి. కరెంటు తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, స్విచ్ ఓ ముప్పై సార్లు తిప్పండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టుకుని పేరుకుపోతుంది.

అప్పటికీ తగ్గకపోతే మెకానిక్‌కి ఇవ్వండి. మూత మీరు తియ్యొద్దు. ఆపేసిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పండి: ‘ఎడమ చానెల్ బాగుంది, దాని వోల్టేజీలు కొలిచి కుడివాటితో పోల్చు’ అని. రెండూ కవలలు. ఎక్కడ లెక్క తప్పితే అక్కడే దొంగ. పాతబడ్డ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరో, గొణిగే ట్రాన్సిస్టరో దొరుకుతుంది.

విజయనగరంలో నా బల్ల మీదికి అచ్చం ఇలాంటి కేసే వచ్చింది. తొందరపడి ఐసీ (చిప్) మార్చాను, ఫలితం లేదు. తర్వాత అగరుబత్తి పుల్లతో బోర్డుని మెల్లగా తడుతూ వెళితే ఒక కెపాసిటర్ దగ్గర చిటపట పెరిగింది. భూతద్దంలో చూస్తే కాలు చుట్టూ టంకం బూడిదరంగులో, వెంట్రుకంత పగులు ఉంగరంలా తిరిగి ఉంది. పాత టంకం తీసి కొత్తది పెట్టాను, అంతే. ఐసీ మార్చడం వృథా, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే చెబుతున్నా, చోటు తెలియకుండా ఏదీ మార్పించకండి.

రిపేరయ్యాక ద్వారం వారి రికార్డే పెట్టి చూడండి. లేబుల్ మీద మోనో అని ఉంటే మరీ మంచిది, రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం రావాలి. ఎదురుగా మధ్యలో కూర్చుంటే వయొలిన్ సరిగ్గా మీ ముందు నుంచే వినిపించాలి.