ట్రిపుల్ ఎక్స్ఎల్ కొన్నా చంక పట్టేస్తోంది

ప్రశ్న: నా ఛాతీ 46 అంగుళాలు. జగదాంబ సెంటర్‌లో ఏ కుర్తీ కొన్నా భుజాలు జారిపోతాయి, చంక దగ్గర మాత్రం బిగుతు. ఫ్యాషన్‌గా ఉన్నవేమో ఎక్స్ఎల్‌తోనే ఆగిపోతాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: లోపం మీ ఒంట్లో లేదండీ, కత్తిరింపులో ఉంది. పెద్ద సైజుల్లో చాలావరకు చిన్న సైజు నమూనాని అన్నివైపులా సాగదీసినవే. ఒళ్లు పెరిగినంతగా భుజం ఎముక పెరగదు కదా! అందుకే మెడ, భుజం వెడల్పవుతాయి, దండ (మోచేతికి పైభాగం) దగ్గర చాలదు.

లేబుల్ వదిలేసి టేపు తీసుకెళ్లండి. కుర్తీ ఛాతీ చుట్టుకొలత 49–50 అంగుళాలు ఉండాలి. మీ దండ చుట్టుకొలత 16 అయితే కుర్తీ చెయ్యి 17.5కి తగ్గకూడదు. తుంటి కొలత కూర్చుని తీసుకోండి, నిలబడి తీస్తే సైడ్ కట్ దగ్గర పిగులుతుంది. చంక మరీ లోతైనా తిప్పలే, చెయ్యెత్తగానే కుర్తీ మొత్తం పైకి లేస్తుంది.

కొన్నదాన్ని బాగుచేయాలంటే చంక కింద 3 అంగుళాల చదరపు ముక్క ఐమూలగా వేయించండి. కుర్తీ కింది అంచు నుంచి కత్తిరించిన గుడ్డ సరిపోతుంది.

కుట్టించుకుంటే 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ 3 మీటర్లు కావాలి. ముందు, వెనక భాగాలు పక్కపక్కన పట్టవు. 58 పన్నా అయితే స్ట్రెయిట్ కట్‌కి 2 మీటర్లు చాలు. కాటన్‌ని తడిపి ఆరేశాకే కత్తిరించమనండి. ఛాతీ డాట్ (ఛాతీ దగ్గర మడిచి వేసే కుట్టు) తప్పనిసరి, అది లేకపోతే ముందు అంచు పైకి లేస్తుంది. మన విశాఖ ఉక్కకి పాలిస్టర్ జార్జెట్ వద్దు.

పెద్ద సైజంటే సేల్స్‌వాళ్లు నలుపు తప్ప చూపించరా? పసుపు తీయమనండి.