కొత్తవాళ్ళ మధ్య నమ్మకం కుదరాలంటే: ట్రైనింగ్ మొదటి గంట గురించి నా అనుభవం

వచ్చే నెల కావలిలో అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, పొదుపు సంఘాల లెక్కలు రాసిపెట్టే యానిమేటర్లు కలిపి 30 మందికి రెండు రోజుల వర్క్‌షాప్ పెడుతున్నామని రాశారు. ఐస్‌బ్రేకర్ ఆటలతో, అంటే కొత్తవాళ్ళ బెరుకు పోగొట్టే ఆటలతో, వాళ్ళ మధ్య నిజంగా నమ్మకం కుదురుతుందా, ఊరికే నవ్వుకుని మర్చిపోతారా అని అడిగారు. కుదురుతుందండీ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో 13 ఏళ్ళుగా పొదుపు సంఘాల ఆడవాళ్ళకి ట్రైనింగ్ ఇస్తూ చాలాసార్లు చూశాను. ఆటతోనే నమ్మకం చెడిపోవడమూ చూశాను. అది నా వల్లే జరిగింది కాబట్టి ముందు అదే చెబుతాను.

నేను పనిలో చేరిన మొదటి సంవత్సరం, కలిగిరి వైపు ఒక హాల్లో కళ్ళకు గంతల ఆట పెట్టాను. ఒకరి కళ్ళకు గుడ్డ కట్టాలి, రెండోవాళ్ళు చెయ్యి పట్టుకుని హాలంతా నడిపించాలి. ట్రైనర్ల శిక్షణలో మాకు ఇది బ్రహ్మాండమని చెప్పారు. జంటలు ఆడామగా చూడకుండా చీటీలు తీసి వేశాను. టీ వేళకి ఒక పెద్దావిడ నన్ను పక్కకి పిలిచింది. "ఏందమ్మా, నా కొడుకు వయసు పిల్లోడి చెయ్యి పట్టుకుని తిరగమంటివి. మా ఊరోళ్ళు నలుగురు ఈడ్నే ఉండారు. రేపు నేను రాను" అంది. అన్నట్టే రాలేదు. ఆవిడతో వచ్చిన ఇద్దరూ రాలేదు. ఆ తర్వాత వాళ్ళ ఊరు వెళ్ళి క్షమాపణ అడిగాను గానీ, ఆ రెండు రోజుల ట్రైనింగ్ మాత్రం వాళ్ళకి దక్కలేదు.

ఇంకోసారి మొదటి గంటలోనే "మీ జీవితంలో పెద్ద బాధ ఏమిటో చెప్పండి" అని అడిగాను. ఒకమ్మాయి మొదలుపెట్టి మధ్యలో ఏడ్చేసింది. అందరూ తలలు దించుకున్నారు. ఆ రోజంతా ఆ అమ్మాయి ఎవరి మొహమూ చూడలేదు. ఆ మాటను అందుకోవడానికి అక్కడ ఎవరూ ఇంకా సిద్ధంగా లేరు. నేనే తొందరపడ్డాను.

అప్పటినుంచి ఏ ప్రశ్న అడగాలన్నా ముందు ఒకటి చూసుకుంటాను. దీనికి జవాబు చెప్పాక ఆ మనిషి మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్కవాళ్ళతో మామూలుగా కూర్చుని అన్నం తినగలదా? తినగలదు అనిపిస్తేనే అడుగుతాను.

ఆర్థర్ ఆరన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. ముక్కూమొహం తెలియని ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ముప్పావుగంట పాటు 36 ప్రశ్నలు ఒకరినొకరు అడిగించారు. తేలిక ప్రశ్నలతో మొదలై మెల్లగా లోపలికి వెళతాయి. ప్రతి ప్రశ్నకీ ఇద్దరూ జవాబు చెప్పాలి. మామూలు కబుర్లు చెప్పుకున్న జంటలకన్నా వీళ్ళు ఎక్కువ దగ్గరైనట్టు చెప్పారు. మెట్టు మెట్టుగా వెళ్ళడం, ఇద్దరూ సమానంగా చెప్పుకోవడం, ఈ రెండూ నేను పట్టుకున్నాను. ఆ ప్రశ్నలు మాత్రం మన హాల్లో పనికిరావు, తెచ్చి అడగకండి.

నేను ఆట పాడుచేసిన ఆ కలిగిరి మండలంలోనే దూబగుంట ఉంది. 1990ల మొదట్లో రోసమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు ఊళ్ళో సారా ఆపించారు. ఆ మాట బయటికి వచ్చింది అక్షరాస్యత కోసం రాత్రిపూట పెట్టిన చదువుల దగ్గర. అక్షరాలు దిద్దుకుంటూ, పాఠంలో వచ్చిన ఆడమనిషి కష్టాన్ని చదువుతూ తమ ఇంటి కష్టం చెప్పుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ వెనకే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు మన జిల్లాలో పుట్టాయి. వాళ్ళ కష్టాలు చెప్పించడానికి ఎవరూ ఆట పెట్టలేదు. రోజూ ఒకే దీపం దగ్గర కూర్చున్నారు. మీకూ నాకూ అన్ని రాత్రులు ఉండవు, రెండు రోజులే ఉంటాయి. అందుకే ఆ మొదటి గంట గురించి ఇంత ఆలోచిస్తాను.

ఇక మీరు చేయాల్సింది. పరిచయాల దగ్గరే మనవైపు ఒక చిక్కు ఉంది. పేరు, ఇంటిపేరు, ఊరు చెప్పమంటే సగంమందికి అవతలివాళ్ళ కులం తెలిసిపోతుంది. హాలు అక్కడే రెండు మూడు ముక్కలవుతుంది, భోజనాల దగ్గర ఎవరి గుంపు వాళ్ళది. నేను ఇంటిపేరు అడగను. "మీ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?" అని అడుగుతాను. నెల్లూరులో ఈ ప్రశ్న బంగారం. పెంచలకోన మొక్కుతో పెంచలమ్మ, మాలకొండ మొక్కుతో మాలకొండమ్మ, కసుమూరు దర్గా మొక్కుతో హిందువుల ఇళ్ళలోనూ మస్తానమ్మ. ఒకసారి ముగ్గురు పెంచలమ్మలు లేచారు, ముగ్గురూ ఎప్పుడూ మాట్లాడుకోని మూడు వీధులవాళ్ళు. "మా నాయనమ్మ పొర్లుదండాలు పెట్టిందంట" అని ఒకరంటే "మా అమ్మమ్మ కూడా" అని ఇంకొకరు. అందులో ఎవరికీ తలవంపు లేదు. అయితే ఆడపిల్ల వద్దనుకుని పెట్టిన పేర్లు కూడా ఉంటాయి. కాబట్టి "ఇష్టం లేకపోతే పేరొక్కటే చెప్పండి చాలు" అని ముందే అనండి. మొదట మీ పేరు కథ మీరే చెప్పండి, నిజమైనది.

30 మంది వరసగా రెండేసి నిమిషాలు మాట్లాడితే గంట పోతుంది, పదోమనిషి దగ్గరికి వచ్చేసరికి వినేవాళ్ళుండరు. అందుకని ముగ్గురు ముగ్గురిని జంపఖానా మీద కూర్చోబెడతాను. పది నిమిషాల్లో అయిపోతుంది. కుర్చీలు గోడవారకి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి మాత్రం కుర్చీ ఇచ్చి, మిగతా ఇద్దరికీ కూడా కుర్చీలే వేయండి.

రెండోది నేను బాగా ఇష్టపడేది. నెల్లూరు రొట్టెల పండగ మీకు తెలిసే ఉంటుంది. మొహర్రం సమయంలో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాకి వచ్చి, కోరిక తీరినవాళ్ళు తెచ్చిన రొట్టెను అదే కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, చదువు రొట్టె. పక్కన నిలబడ్డ తెలియని మనిషిని "నాకు ఆరోగ్యం రొట్టె కావాలి" అని అడగడం ఎంత పెద్ద విషయమో ఒకసారి ఆలోచించండి. అక్కడ అడగడం చిన్నతనం కాదు. ఆ ధైర్యం చూసే నేను చీటీల పని మొదలుపెట్టాను. పండగను ఆటగా చేయకూడదు కాబట్టి రొట్టె అనే మాట హాల్లో వాడను. ప్రతి ఒక్కరికీ రెండు చీటీలు. ఒకదాని మీద తనకు వచ్చిన పని, రెండోదాని మీద నేర్చుకోవాల్సిన పని. రాయలేనివాళ్ళకి పక్కవాళ్ళు రాసిపెడతారు. తర్వాత లేచి తిరుగుతూ ఎవరి దగ్గర ఏముందో వెతుక్కోవాలి.

ఒంగోలు దగ్గర ఒక బ్యాచ్‌లో పదేళ్ళుగా లీడరుగా ఉన్న ఆవిడ "బ్యాంకు ఫారం నింపడం రాదు" అని రాయించింది. అందరూ ఆవిడకి అన్నీ వచ్చనుకునేవాళ్ళు. ఆ చీటీ తీసుకుని, ఇంటర్ చదివిన ఒక చిన్నపిల్ల ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం అప్పుల లెక్కల సెషన్‌లో అదే లీడరు చెయ్యెత్తి, "మా సంఘం రెండు కిస్తీలు కట్టలేదు, నేను రిజిస్టర్‌లో కట్టినట్టు రాశాను" అంది. ఇంకో నలుగురు మాదీ అంతే అన్నారు. ఆ లెక్కలు సరిచేసుకోవడంతోనే సాయంత్రం అయింది. ఆ రోజు వచ్చిన ఫలితం నాకు ఇప్పటికీ గుర్తు.

ఒక జాగ్రత్త చాలా అవసరం. ఆఫీసువాళ్ళు ఫోటోలు, వీడియోలు పంపమంటారు. నా ట్రైనింగ్ ఒకదానికి నిర్వాహకులే చీటీలు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. భోజనం తర్వాత నోరు విప్పినవాళ్ళు లేరు. కాబట్టి మొదటి గంటలో ఫోన్లు పక్కన పెట్టించండి, ఫోటో చివర్లో అందర్నీ అడిగి తీసుకోండి. సూపర్‌వైజర్ హాల్లో ఉంటే ఆమెకీ రెండు చీటీలివ్వండి. ఆమె వెనక కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటే ఎవరూ నిజం రాయరు. కూర్చోనంటే టీ తర్వాత రమ్మని మర్యాదగా అడగండి. ఇది ముందురోజే ఫోన్‌లో మాట్లాడుకోవాలి, అందరి ముందు అయితే ఆమెకీ ఇబ్బంది.

టైమ్ సంగతి. వింజమూరు, ఉదయగిరి వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళు పదింటికి చేరరు. పదికే మొదలుపెడితే ఆలస్యంగా వచ్చినవాళ్ళు రెండు రోజులూ బయటివాళ్ళుగానే మిగిలిపోతారు. టిఫిన్, టీ అయ్యాక, పదిన్నర దాటాక మొదలుపెట్టండి.

రెండో రోజు పొద్దున కొత్త ఆట వద్దు. నిన్నటి ముగ్గుర్నే మళ్ళీ కూర్చోబెట్టి, "నిన్న ఇక్కడ చెప్పిన వాటిలో ఊళ్ళో ఎవరికీ చెప్పకూడని మాట ఏదైనా ఉందా?" అని వాళ్ళలో వాళ్ళే తేల్చుకోమనండి. మీరు దూరంగా నిలబడండి, ఏమనుకున్నారో అడగకండి.